ఆపిల్ సాగులో నాఫ్తలీన్ అసిటిక్ ఆమ్లం: కాలాన్ని బట్టి మారే ఫలితం

మామిడి రైతులకు పరిచితమైన ‘ఏడు విడిచి ఏడు కాపు’ సమస్య ఆపిల్ చెట్లలోనూ ఉంది. విరగకాసిన ఏడాది లేత కాయల గింజల్లో ఉత్పత్తయ్యే గిబ్బరెల్లిన్లు కొత్త పూమొగ్గలు ఏర్పడకుండా అణచివేస్తాయి. మరుసటి ఏడాది పూసే మొగ్గలకు పునాది పూత ముగిసిన కొద్ది వారాల్లోనే పడుతుంది. కాబట్టి కాయలను పలుచన చేయడం ఆలోగానే జరగాలి. ఆలస్యమైతే మిగిలిన కాయల పరిమాణం కొంత పెరుగుతుందే గాని, మరుసటి పూత మెరుగుపడదు.

ఇందుకు వాడే వృద్ధి నియంత్రకాల్లో నాఫ్తలీన్ అసిటిక్ ఆమ్లం ముఖ్యమైనది. ఇది కృత్రిమ ఆక్సిన్. పూరేకులు రాలిన తరువాతి రోజుల్లో లీటరు నీటికి సుమారు 10 మిల్లీగ్రాముల చొప్పున పిచికారీ చేస్తే, పిందెలకు పోషకాలు తాత్కాలికంగా తగ్గి, ఎథిలీన్ పెరిగి, బలహీనమైనవి రాలిపోతాయి. అదే ద్రావణాన్ని కోతకు ముందు పిచికారీ చేస్తే ఫలితం తారుమారవుతుంది. తొడిమ మొదట్లో కణాలు విడిపోవడం ఆలస్యమై పండు చెట్టునే నిలుస్తుంది. ఈ గుణాన్ని అమెరికాలో గార్డ్నర్, మార్త్, బాట్జర్ 1939లో వెల్లడించారు. అయితే పండు రాలకపోయినా పక్వత ఆగదు, ఒక్కోసారి త్వరపడుతుంది కూడా. కోత వాయిదా వేస్తే నిల్వగుణం దెబ్బతింటుంది.

కనుక మందు పేరు, మోతాదుతో పాటు చెట్టు ఏ దశలో ఉందో కూడా చెప్పినప్పుడే రైతుకిచ్చే సలహా సంపూర్ణమవుతుంది.