పరీక్ష తప్పిన పిల్లవాడు

పుంగనూరు, కుప్పం అక్కలారా! మదనపల్లె అంటే మనకు టమాటా మండీ గుర్తుకొస్తుంది. 1895లో ఆ ఊళ్ళో జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. పదేళ్ళప్పుడే తల్లి సంజీవమ్మ చనిపోయింది. బడిలో చదువు తలకెక్కేది కాదు. మొద్దు అని అయ్యవారు కొట్టేవారు.

1909లో తండ్రి పిల్లలతో మద్రాసులోని అడయారు చేరాడు. అక్కడ అనిబిసెంటు అనే దొరసాని కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందాన్నీ చేరదీసింది. 1911లో ఇద్దరినీ ఇంగ్లండుకు తీసుకుపోయింది. అక్కడే చదివించింది.

కొత్త దేశం. చలి. చుట్టూ ఇంగ్లీషు మాటలే. ఆక్స్‌ఫర్డులో కృష్ణమూర్తికి సీటు ఇవ్వలేదు. లండన్ యూనివర్సిటీలో చేరడానికి పరీక్ష రాశాడు. తప్పాడు. మళ్ళీ రాశాడు. మళ్ళీ తప్పాడు. తమ్ముడు పాసై లా చదివాడు. అన్నకు డిగ్రీ రానే లేదు.

మరి అతను మొద్దా? కాదు. పెద్దయ్యాక ఆయన దేశదేశాల్లో ఉపన్యాసాలు ఇచ్చారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా కూర్చుని విన్నారు. 1986లో చనిపోయే దాకా ఆ పని మానలేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి ఆయన పెట్టించిందే. భయపెడితే చదువు రాదనీ, ఒక బిడ్డను ఇంకో బిడ్డతో పోల్చకూడదనీ ఆయన చెప్పేవారు.

పరీక్ష ఆ రోజు రాసిన దాన్నే కొలుస్తుంది. బిడ్డ తెలివినంతా కొలవలేదు.

మీ అమ్మాయి పదో తరగతి తప్పిందా? "అక్క పాసైంది, నీకేమైంది?" అనకండి. చదువు మాన్పించి పెళ్ళి చేయకండి. ఫీజు కట్టి మళ్ళీ రాయించండి.