దగ్గుజ్వరం వచ్చిన రోజుకూ కూలి కావాలి

"గాలి సోకింది" అన్న మాట మన పల్లెల్లో పాతదే. మనిషి ఉన్నట్టుండి జ్వరంతో పడిపోతే దయ్యం గాలి సోకిందని వేపమండలు తెప్పించేవారు. దయ్యం సంగతి అబద్ధం, గాలి సంగతి మాత్రం నిజం. జలుబు, ఫ్లూ, కరోనా, తట్టు - ఇవన్నీ ఒకరి ఊపిరి నుంచి ఇంకొకరి ఊపిరిలోకి గాలి మీదనే పోతాయి. గాలి అందరిదీ అంటారు. కాని ఇరుకులో పదిమంది పీల్చి వదిలిన గాలి ఎవరి పాలబడుతోంది? కూలినాలి చేసుకునే వాళ్ళ పాలే! అందుకే ఇది ఒక్క డాక్టర్ల వ్యవహారం కాదు, మన సంఘాల వ్యవహారం కూడా.

ఒకరి నుంచి ఎందరికి?

ఈ జబ్బులు తెచ్చేది వైరస్ అనే, కంటికి ఆనని సూక్ష్మజీవి. జబ్బుపడ్డ మనిషి దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా తుంపర్లు బయటికొస్తాయి. పెద్దవి కొద్ది అడుగుల్లోనే నేల మీద పడతాయి. మరీ సన్నవి పొగలాగా తేలుతుంటాయి. చుట్ట కాల్చేవాణ్ణి తలచుకోండి. ఆరుబయట కాలిస్తే నాలుగు బారల అవతల ఉన్నవాడికి అంతగా తెలియదు. తలుపులు బిగించిన గదిలో కాలిస్తే మూలన కూర్చున్నవాడికీ ఉక్కిరిబిక్కిరే. వైరస్ నడక కూడా అంతే.

నిరోధశక్తి లేని జనంలో పడితే ఫ్లూ ఒకరి నుంచి సగటున ఒకరిద్దరికి పాకుతుంది. 2020లో వచ్చిన మొదటి రకం కరోనా ఇద్దరు ముగ్గురికి పాకింది. తట్టు అయితే 12 నుంచి 18 మందికి! తట్టు వచ్చిన పిల్లవాడు గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉండగలదు. ఇంకో చిక్కుంది. ఫ్లూ, కరోనా జ్వరం పైకి కనపడక ముందే, ఒకటి రెండు రోజుల నుంచే పక్కవాళ్ళకు అంటుకుంటాయి. కాబట్టి "నాకేం జ్వరం లేదుగా" అన్న ధీమా చాలదు.

1918 చెప్పిన పాఠం

1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి, రైళ్ళ వెంట దేశమంతా పాకింది. మన దేశంలో చనిపోయినవారు కోటీ 20 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా ఉంటారని అంచనా. ఆ ఏడు వానలు కూడా ఎగ్గొట్టాయి, తిండిగింజలకు కరువొచ్చింది. బొంబాయి నగరం లెక్కలు చూడండి: తెల్లవాళ్ళలో వెయ్యికి సుమారు 8 మంది చనిపోతే, అట్టడుగు కులాల్లో వెయ్యికి 61 మంది పైగా చనిపోయారు. వైరస్‌కు కులం తెలియదు. కాని ఎవరు ఇరుకు గదుల్లో పడుకోవాలో, ఎవరు ఖాళీ కడుపుతో ఉండాలో తేల్చింది కులమూ వర్గమూ.

నూరేళ్ళు గడిచాక 2020 మార్చి 24 రాత్రి, నాలుగు గంటల గడువిచ్చి దేశాన్ని మూసేశారు. మిరప కోతలకు తెలంగాణా వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ కూలీలు పిల్లాజెల్లాతో అడవిదారుల వెంట నడిచి ఇళ్ళకు పోయారు. ఎడం పాటించమన్న పాలకులు, ఎడంగా ఉండడానికి చోటు, ఇంట్లో కూర్చోడానికి తిండి ముందుగా చూపించలేదు.

మన పనిలో ఎక్కడ అంటుకుంటుంది?

నాట్లేసేచోట, పత్తి తీసేచోట ప్రమాదం తక్కువ. ఆరుబయట గాలి తుంపర్లను చెదరగొట్టేస్తుంది. ప్రమాదమంతా చేలోకి పోయే ఆటోలో ఉంది. ఏడుగురు పట్టే ఆటోలో పదిహేనుమందిని కుక్కుతారు. చలికో వానకో పక్కల పరదాలు దించేస్తారు. అరగంట ప్రయాణంలో ఒకరి ఊపిరి అందరూ పీలుస్తారు.

రెండోది వలస కూలీల గుడారం. మిరప ఘాటుకు అందరూ దగ్గుతూనే ఉంటారు గనక, ఏది ఘాటు దగ్గో ఏది జబ్బు దగ్గో పోల్చుకోవడం కష్టం. దగ్గుతో పాటు జ్వరం, ఒళ్ళునొప్పులు ఉంటే జబ్బు కిందే లెక్కగట్టాలి. మూడోది వలసపోయే కుటుంబాల్లో పసిపిల్లలు. తట్టు టీకా 9 నెలలు నిండాక ఒకసారి, 16 - 24 నెలల మధ్య రెండోసారి వేయించాలి. సరిగ్గా ఆ నెలల్లో తల్లిదండ్రులు వేరే జిల్లాలో ఉంటే రెండో మోతాదు తప్పిపోతుంది. టీకా కార్డు మూటలో దాచుకోండి. ఏ ఊళ్ళో ఉన్నా ఏ.ఎన్.ఎమ్.ను అడిగి వేయించుకోండి. ఎక్కడైనా ఉచితమే.

చేతిలో ఉన్న పని

ఆటో పరదాలు ఎత్తి కట్టండి. ఇంట్లో ఎదురెదురు కిటికీలో, తలుపూ కిటికీనో తీసి గాలి ఆడనివ్వండి. దగ్గేవాళ్ళు ముక్కూ నోరూ కప్పుకోవాలి. ఘాటుకు కట్టుకునే గుడ్డ ఏమీ లేనిదానికంటే మేలు, మడతలేసి కడితే ఇంకా మేలు, ఎన్-95 మాస్కు అన్నిటికంటే మేలు. ఒకే చెంబూ, ఒకే చుట్టా చేతులు మార్చవద్దు. చేతులు సబ్బుతో కడగాలి. జబ్బుమనిషి పక్క, ముసలివాళ్ళకూ చంటిపిల్లలకూ ఎడంగా, వీలైతే వసారాలో వేయాలి.

వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరం రాగానే సూది, సెలైను సీసా అని అప్పుచేసి పెట్టించుకోవద్దు. విశ్రాంతి, మంచినీళ్ళు, గంజి, జ్వరానికి పారాసెటమాల్ చాలావరకు సరిపోతాయి. అయితే ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, పసిబిడ్డ పాలు తాగకపోయినా, ఊపిరికి డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోవాలి. నాటువైద్యాలతో పొద్దు పుచ్చితే ప్రాణం మీదికొస్తుంది.

పని మానితే పొయ్యి వెలిగేదెట్లా?

"జ్వరం వస్తే ఇంట్లో ఉండండి" - అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇదే. దీన్నే కూలిమనిషి పాటించలేడు. రోజు మానితే ఆ రోజు కూలి పోయినట్టే. మేస్త్రి ఇంకొకర్ని పెట్టుకుంటే రేపటి పనీ పోతుంది. అందుకని మాత్ర మింగి ఆటో ఎక్కుతుంది ఆడకూలీ. సాయంత్రానికి ముఠాలో నలుగురికి అంటుతుంది. తప్పు ఆమెది కాదు, జబ్బు రోజుకు కూలి ఇవ్వని ఏర్పాటుది.

ఫ్యాక్టరీ కార్మికులకు 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం ఆ హక్కు తెచ్చింది. జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. దేశానికి తిండిపెట్టే పొలంకూలీకి అలాంటి రక్షణ లేదు. ఆసాములకూ ఒక మాట: జ్వరమొచ్చిన ఒక్కరికి మూడు రోజుల కూలివ్వడం కంటే, కోతరోజుల్లో ముఠా మొత్తం పడకేయడమే ఎక్కువ నష్టం.

కనుక కూలి రేటు మాట్లాడేటప్పుడే ఈ షరతులు కూడా పెట్టాలి: ఆటోలో ఎక్కించే మనుషులకు పరిమితి, వలస కూలీలకు గాలాడే వసతి, జ్వరమొచ్చిన వారికి కనీసం మూడు రోజుల కూలి, మళ్ళీ అదే ముఠాలో పని. ప్రభుత్వం వలస బిడారాల దగ్గరికే టీకాలు పంపాలని, వ్యవసాయ కార్మికులకు జబ్బు సెలవు చట్టం తేవాలని ఒత్తిడి చేయాలి.

చివరిగా ఒక హెచ్చరిక. అంటురోగం పేరుతో అంటరానితనం మళ్ళీ తలెత్తనివ్వకూడదు. ఎడం పాటించాల్సింది దగ్గుకు, మనిషికి కాదు. జబ్బుపడ్డ ఇంటి గుమ్మం దగ్గర బియ్యం, మందులు పెట్టి, దూరం నుంచే రోజుకు రెండుసార్లు పలకరించి రావడం సంఘం చేయాల్సిన పని. ఒకరి ఊపిరి ఇంకొకరికి ముప్పు తెస్తుందన్నది నిజమే. ఆ ముప్పును ఒక్కొక్కరుగా తప్పించుకోలేం, కూడబలుక్కుంటేనే తప్పించగలం.