పెద్దవాళ్ల నిద్ర: లెక్క ఎక్కడ తప్పుతోంది?

"రాత్రంతా కన్ను మూయలేదు" అనే మాట మన ఇళ్లలో తరచూ వినబడేదే. రిటైరైన నాన్నగారో, మన దగ్గర ఉంటున్న అత్తగారో తెల్లవారుజామున మూడింటికే లేచి హాల్లో కూర్చుంటారు. మిగతావాళ్లకు పొద్దున్నే ఆఫీసు, పిల్లలకు బడి. జాలితోనో, విసుగుతోనో ఎవరో ఒకరు మందుల షాపు నుంచి ఓ నిద్రమాత్ర తెచ్చి ఇస్తారు. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. మాత్ర దాకా వెళ్లకముందే ఇంట్లో చేయదగ్గ పనులు చాలా ఉన్నాయి.

వయసుతో మారేది ఏమిటి?

పెద్దవాళ్లకు నిద్ర అవసరం తగ్గిపోతుందని అనుకుంటాం. అది నిజం కాదు. 65 దాటినవారికి కూడా రోజుకు 7 నుంచి 8 గంటల నిద్ర మంచిదని నిపుణులు చెబుతారు. మారేది నిద్ర తీరు. గాఢనిద్ర పాలు తగ్గుతుంది కాబట్టి చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. మెదడులోని జీవగడియారం కూడా కాస్త ముందుకు జరుగుతుంది. అందుకే రాత్రి ఎనిమిదింటికే కళ్లు మూతలు పడతాయి, మూడు నాలుగింటికే తెరుచుకుంటాయి.

ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని రోజూ సరిదిద్దేది ముఖ్యంగా కంట్లో పడే పగటి వెలుగు. వయసుతో కంటి కటకం పసుపుబారి లోపలికి చేరే వెలుగు తగ్గుతుంది. దానికి తోడు రోజంతా ఫ్లాట్‌లోనే గడిస్తే గడియారానికి పగలేదో రాత్రేదో స్పష్టంగా తెలియదు.

బ్యాంకు ఉద్యోగం చేసినవారికి ఇంకో మార్పు. ముప్పై అయిదేళ్లపాటు బ్రాంచి తెరిచే వేళ, క్యాష్ టాలీ అయ్యే వేళ వాళ్ల రోజును ఒక క్రమంలో ఉంచాయి. రిటైరయ్యాక ఆ క్రమం ఒక్కసారిగా పోతుంది. పగలు పని లేకపోతే రాత్రి నిద్ర పలచబడుతుంది.

ముందు పద్దు రాయండి

రెండు వారాలు ఒక నోటుపుస్తకం పెట్టండి. పక్క ఎక్కిన వేళ, సుమారుగా నిద్ర పట్టిన వేళ, లేచిన వేళ, పగటి కునుకులు, కాఫీ టీలు, వేసుకున్న మాత్రలు రాయండి. చాలా ఇళ్లలో సగం జవాబు ఇందులోనే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పెద్దాయన రాత్రి తొమ్మిదికి నిద్రపోయి మూడున్నరకు లేస్తారు. అంటే ఆరున్నర గంటలు. మధ్యాహ్నం భోజనం చేసి ఒకటిన్నర నుంచి మూడు దాకా పడుకుంటారు. ఇంకో గంటన్నర. మొత్తం ఎనిమిది గంటలు. ఖాతాలో లోటు లేదు. మధ్యాహ్నమే విత్‌డ్రా చేసేసిన నిద్ర రాత్రికి మళ్లీ ఎలా వస్తుంది? ఈయనకు కావలసింది మాత్ర కాదు, వేళల సర్దుబాటు.

ఏం మార్చాలి?

లేచే వేళ ఒకటే ఉంచండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున అదే సమయానికి లేవాలి. నిద్ర పట్టలేదని తొందరగా పక్క ఎక్కితే మెలకువగా దొర్లే సమయమే పెరుగుతుంది.

వెలుగు విషయంలో మనిషిని బట్టి సలహా మారుతుంది. అర్ధరాత్రి దాకా నిద్ర పట్టనివారికి ఉదయపు ఎండ మేలు. ఎనిమిదింటికే తూగి మూడింటికి లేచేవారు మాత్రం సాయంత్రం ఆరుబయట నడవడం మంచిది. సాయంత్రపు వెలుగు వాళ్ల గడియారాన్ని కాస్త వెనక్కి జరుపుతుంది.

మధ్యాహ్నం కునుకు 20, 30 నిమిషాలు చాలు. అదీ మూడు లోపే. మంచం మీద కాకుండా పడక కుర్చీలో, అలారం పెట్టుకుని పడుకుంటే మేలు.

కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం కాఫీ ప్రభావం పడుకునే వేళకీ ఉంటుంది. మధ్యాహ్న భోజనం తరవాత కాఫీ, టీ మానితే మంచిది.

ఓ ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే దొర్లుతూ ఉండకూడదు. లేచి, మసక వెలుతురులో కూర్చుని జపమో, పాత పాటలో, ఏదైనా ప్రశాంతమైన పని చేసి, మళ్లీ తూగు వచ్చినప్పుడే పక్క ఎక్కాలి. మంచం అంటే నిద్ర అని మెదడు తిరిగి నేర్చుకునేది ఇలాగే. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కంటే ముందు వైద్యులు సూచించే ప్రవర్తనా చికిత్సలో ఇది ముఖ్య భాగం. గడియారం కంటికి కనబడకుండా తిప్పి పెట్టండి.

రాత్రి మూత్రానికి లేవడం

నీళ్లు పగలే బాగా తాగి, చీకటి పడ్డాక తగ్గించాలి. కాళ్ల వాపు ఉన్నవారు సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తుగా పెట్టుకుంటే ఆ నీరు పడుకోకముందే బయటికి పోతుంది. బీపీకో గుండెకో వాడే మాత్రల్లో మూత్రం ఎక్కువ వచ్చేవి ఉంటాయి. అవి రాత్రి వేసుకుంటుంటే పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి, సొంతంగా మార్చకండి. మధుమేహం, ప్రోస్టేట్ పరీక్షలూ చేయించాలి. మంచం నుంచి బాత్రూం దాకా చిన్న దీపం ఉంచండి. జారే పట్టాలు తీసేయండి. గోడకు పట్టుకోవడానికి కమ్మీ బిగించండి.

మాత్ర సంగతి

ఆల్‌ప్రజోలం, జోల్పిడెం వంటివి 2014 నుంచి మన దేశంలో షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినవాటి వివరాలు షాపులో వేరే రిజిస్టరులో రాయాలి. ఇంత కట్టడికి కారణం ఉంది. వయసు మళ్లిన శరీరంలో ఈ తరహా మందులు చాలావరకు నెమ్మదిగా తగ్గుతాయి. పొద్దున మత్తు, అడుగు తడబాటు, మతిమరుపు వస్తాయి. రాత్రి లేచినప్పుడు పడి తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మళ్లీ మునుపటిలా నడవలేకపోవచ్చు. అమెరికా వృద్ధ వైద్యుల సంఘం ప్రచురించే బీర్స్ జాబితా కూడా పెద్దవాళ్లకు ఇవి వీలైనంత వరకు వద్దంటుంది.

ఇప్పటికే ఏళ్ల తరబడి వాడుతున్నవారు మాత్రం హఠాత్తుగా మానకూడదు. మానితే ఫిట్స్ దాకా రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో కొంచెం కొంచెంగా తగ్గించాలి. నిద్ర వస్తుంది కదా అని జలుబు మాత్రలు ఇవ్వడమూ మంచిది కాదు. వాటిలో కొన్ని తికమకను, మూత్రం బిగతీతను తెస్తాయి. పడుకోబోయే ముందు పెగ్గు తొందరగా నిద్రపుచ్చినా అర్ధరాత్రికి మెలకువ తెస్తుంది.

డాక్టరుకు చూపించాల్సినప్పుడు

గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే, పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టుండి కదపకుండా ఉండలేకపోతే, కలలో కేకలు వేసి చేతులు విసురుతుంటే ఆలస్యం చేయకండి. కాళ్ల బాధకు ఒక్కోసారి ఇనుము లోపం కారణం కావచ్చు, అది రక్తపరీక్షలో తెలుస్తుంది. జీవిత భాగస్వామిని కోల్పోయాక నిద్ర, ఆకలి, మాట అన్నీ తగ్గితే అది మనసు పడే బాధ కావచ్చు. ప్రభుత్వ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ఇంటివాళ్లు చేయగలిగింది

"ఇంకా పడుకోలేదా?" అని అడిగిన కొద్దీ పెద్దవాళ్లకు ఆందోళన పెరుగుతుంది. నిద్ర గురించి రాత్రి కాక పగలు మాట్లాడండి. కూరగాయలు తేవడం, మనవరాలికి లెక్కలు చెప్పడం, సాయంత్రం పార్కు దాకా తోడు రావడం వంటి పనుల్లో వాళ్ల అవసరం ఉందని తెలిసేలా చేయండి. ఈ మార్పుల ఫలితం ఒక్క రాత్రిలో కనబడదు, కొన్ని వారాలు పడుతుంది. అయినా తగ్గకపోతే ఆ నోటుపుస్తకాన్నీ, వాడుతున్న మాత్రలన్నింటినీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. సగం ప్రశ్నలకు జవాబులు అప్పటికే మీ చేతిలో ఉంటాయి.