సింహళ ద్వీపంలో ఒక పగటి ప్రయాణం

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. అవిభక్త ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణంలో ఇది నాల్గవ వంతు కంటె తక్కువ. ఇంత చిన్న ద్వీపం నడుమ 2,524 మీటర్ల ఎత్తు గల పిదురుతలాగల శిఖరం నిలిచి ఉన్నది. అందువలన వేకువజామున సముద్రతీరాన చెమటలు తుడుచుకుంటూ బయలుదేరిన యాత్రికుడు అదేనాటి సాయంకాలం ఉన్ని శాలువ కప్పుకొనవలసి వస్తుంది. ఈ రెండింటి నడుమ గల దారిలో మూడు పాత రాజధానులు, రెండు సామ్రాజ్యాల జయాపజయాలు, మన తెలుగు జాతితో ముడిపడిన ఒక రాజవంశపు కథ ఉన్నవి. గత వేసవి సెలవులలో ఈ దారిన పోయి వచ్చినప్పటి నుండి మన విద్యార్థులు అడుగుతున్న ప్రశ్నలకు సమాధానంగా ఈ వ్యాసం వ్రాయడమైనది.

మొదట గైడును గూర్చి ఒక మాట. శ్రీలంకలో గైడు వృత్తికి ప్రభుత్వ పర్యాటక శాఖ అనుమతిపత్రం కావలెను. దేశమంతటా తిరుగగల జాతీయ గైడు, వాహనం తానే నడుపుతూ వివరించే డ్రైవరు గైడు, ఒక ప్రాంతానికో ఒక కట్టడానికో పరిమితమైన గైడు అని తరగతులు ఉన్నవి. ఒక్క రోజు ప్రయాణానికి సాధారణంగా దొరికేది రెండవ తరగతివాడు. స్టీరింగు ఒక చేత పట్టుకొని రెండువేల ఏండ్ల చరిత్ర చెప్పుకుపోవడం అంత తేలికైన విద్య కాదు. మాకు లభించిన పెద్దమనిషి యాభై ఏండ్లు దాటిన సింహళీయుడు, మర్యాదస్థుడు, తమిళం కూడ ధారాళంగా మాట్లాడగలవాడు. అతడు చెప్పినదంతా నిజమే. అయితే ఒక్క పగటిలో ఇమిడే చరిత్రలో ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్నదే మనం గమనించవలసిన విషయం.

కొలంబో నుండి క్యాండీ నగరం 115 కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరకపోతే బజారుల రద్దీలోనే సగం పూట గడచిపోతుంది. కొబ్బరితోటలు, వరిపొలాలు దాటిన పిమ్మట ఎడమ వైపున ఉతువన్‌కంద అనే రాతిగుట్ట కనబడుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో సరదియెల్ అనే బందిపోటుకు అది స్థావరం. ధనికుల సొమ్ము దోచి పేదలకు పంచినాడని జనం చెప్పుకుంటారు. 1864లో అతనినీ, అతని అనుచరుడైన మమ్మలె మరిక్కార్‌నూ కలిపి క్యాండీలో ఉరితీశారు. ఒకడు సింహళీయుడు, మరొకడు ముస్లిం. గైడు ఈ కథ మిక్కిలి ఉత్సాహంగా చెప్పినాడు.

ఆ తరువాత కడుగన్నావ కనుమ. ఇక్కడ బండి దిగి నిలబడి చూడవలెను. బ్రిటిషువారు 1820 దశకంలో ఈ బాట వేయించారు. పని నడిపించిన ఇంజనీరు కెప్టెన్ డాసన్ స్మారకంగా 1832లో నిర్మించిన ఎత్తైన గోపురం నేటికీ బాట ప్రక్కన ఉన్నది. ఒక చోట రాతికొండను తొలిచి దాని కడుపులో నుండి దారి తీశారు. కొండను చీల్చి వచ్చినవారికి తప్ప క్యాండీ లొంగదని స్థానికులలో ఒక ఐతిహ్యం ఉన్నదట. వాస్తవంలో క్యాండీ లొంగిన పిదపనే బాట వచ్చింది. బాట లేకపోవడమే అంతవరకు క్యాండీకి రక్ష. పోర్చుగీసువారు 1594లో దంతురె వద్ద, 1630లో రందెనివెల వద్ద, 1638లో గన్నోరువ వద్ద ఓడిపోయారు. డచ్చివారు 1765లో నగరం ప్రవేశించి కూడ నిలువలేకపోయారు. 1803లో బ్రిటిషు దండు కూడ అక్కడ నాశనమైంది. తీరంలో అధికభాగం పరాయివారి చేతిలో ఉండగా రెండు శతాబ్దాలకు పైగా ఒక కొండ రాజ్యం స్వతంత్రంగా నిలిచిందంటే దానికి కారణం సైన్యబలం కంటె అడవి, జలగలు, మలేరియా, ఇరుకు కనుమలు. పరాజితుడు కొత్త బాట వేయడు, విజేత వేస్తాడు. 1867లో రైలు కూడ ఈ కనుమనెక్కి క్యాండీ చేరుకున్నది.

బాట నుండి కొద్దిగా ప్రక్కకు తిరిగితే గడలాదెనియ విహారం వస్తుంది. చాలమంది గైడులు సమయం చాలదని దీనిని వదలివేస్తారు. మేము పట్టుబట్టి చూశాము. గుండుపై నిలిచిన ఈ రాతి ఆలయం 1344 నాటిది. దీని స్తంభాలు, మెట్ల ప్రక్కన చెక్కిన ఏనుగులు చూస్తే బౌద్ధ విహారానికి వచ్చామా, దక్షిణ భారత దేవాలయానికి వచ్చామా అని సందేహం కలుగుతుంది. ఈ సందేహానికి జవాబు రాతి మీదనే ఉన్నది: నిర్మించిన స్థపతి గణేశ్వరాచారి అని శాసనం తెలుపుతున్నది. సమీపంలోని గంపోల అప్పటి రాజధాని. ఆ 1344లోనే మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ ద్వీపానికి వచ్చి, ఇనుప గొలుసులు పట్టుకొని ఆదం శిఖరాన్ని ఎక్కినాడు. 2,243 మీటర్ల ఆ శిఖరం మీది పాదముద్ర బౌద్ధులకు బుద్ధునిది, హిందువులకు శివునిది, ముస్లింలకు ఆదం ప్రవక్తది. ఒక్క పగటి యాత్రలో ఆ శిఖరం ఎక్కడం సాధ్యం కాదు. అది రాత్రంతా నడిచి సూర్యోదయానికి చేరవలసిన కొండ.

పెరాదెనియ ఉద్యానవనం గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. మహావెలి నది వంపులో సుమారు 147 ఎకరాలలో విస్తరించిన ఈ వృక్షశాస్త్ర ఉద్యానం 1821లో నెలకొల్పబడింది. వృక్షశాస్త్ర విద్యార్థులు ఒక పూటంతా గడపదగిన చోటు. గైడు అక్కడ మాకు నలభై నిమిషాలు మాత్రమే ఇచ్చినాడు.

క్యాండీని సింహళీయులు మహనువర, అనగా మహానగరం, అని పిలుస్తారు. నడుమ సరస్సు, ఒడ్డున దంతధాతు మందిరం, చుట్టూ కొండలు. బుద్ధుని దంతధాతువు నాల్గవ శతాబ్దంలో కళింగదేశపు దంతపురం నుండి రాజకుమార్తె హేమమాల జడలో దాగి ఈ ద్వీపం చేరినదని సంప్రదాయం. శ్రీకాకుళం జిల్లాలోని దంతవరపుకోటయే ఆ దంతపురమని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ధాతువు ఎవరి వద్ద ఉంటే రాజ్యం వారిదని నమ్మకం. కనుకనే రాజధాని మారినప్పుడెల్లా అదీ కదలింది. 1988లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1998 జనవరిలో పులుల సంస్థ మందిరం ముంగిట లారీతో బాంబు పేల్చింది. దెబ్బతిన్న భాగాలను మరల కట్టారు. నేడు లోనికి పోవడానికి ముందు పోలీసులు సంచులు సోదా చేస్తారు.

సరస్సు గట్టున నిలబడి గైడు కడపటి రాజు శ్రీవిక్రమ రాజసింహుని కథ చెప్పినాడు. ఈ సరస్సును 1807లో త్రవ్వించినవాడు ఆయనే. 1814లో ఎహెలెపొల అనే మంత్రి తిరుగుబాటు చేసి బ్రిటిషువారి పంచ చేరగా, రాజు అతని పిల్లల శిరస్సులు తీయించి, భార్యను నీట ముంచి చంపించినాడు. చిన్న కుమారుడు మద్దుమ బండార అన్నను వెనుకకు నెట్టి తానే ముందుగా మెడ వంచినాడని చెప్పినప్పుడు వినేవారి కన్నులు చెమ్మగిల్లినవి. పిదప గైడు, "ఆ రాజు మనవాడు కాడు సార్, మలబారు పరదేశి. అందుకే ప్రజలు సహించలేకపోయారు" అని ముగించినాడు.

ఇక్కడ నేను ఆగవలసి వచ్చింది. ఆ రాజు నాయక్కర్ వంశీకుడు. క్యాండీ రాజులు మదుర నాయకుల బంధువర్గం నుండి రాణులను తెచ్చుకొనేవారు. 1739లో వారసులు లేక సింహళ రాజవంశం ఆగిపోగా రాణి సోదరుడే శ్రీవిజయ రాజసింహ నామంతో పట్టాభిషిక్తుడైనాడు. అప్పటి నుండి 1815 వరకు నలుగురు నాయక్కర్ రాజులు ఏలినారు. వీరి పూర్వులు విజయనగర సామ్రాజ్య కాలంలో దక్షిణాదికి తరలిన తెలుగు నాయకులు. అందుచేత సింహళంలో వీరిని వడుగులని కూడ వ్యవహరించారు. వీరిలో రెండవవాడైన కీర్తిశ్రీ రాజసింహుడు, నుదుట విభూతి ధరిస్తాడని ఆక్షేపణకు గురి అయినవాడు, 1753లో సయాం దేశం నుండి ఉపాలి స్థవిరుని రప్పించి, ద్వీపంలో అంతరించిపోయిన భిక్షు ఉపసంపదను పునరుద్ధరించినాడు. నేటి సయాం నికాయ అనే భిక్షు సంప్రదాయానికి మూలం అదే. దంబుల్ల గుహాలయాలను బాగు చేయించినది, దంతధాతువుకు ఎసల ఊరేగింపులో అగ్రస్థానం కల్పించినది కూడ ఆయనే. "పరదేశి" నిలబెట్టిన మతసంప్రదాయమే నేటి స్వదేశీ గౌరవానికి ఆధారమైనది!

శ్రీవిక్రముని క్రూరత్వాన్ని నేను సమర్థించడం లేదు. పసిపిల్లల వధకు ఏ సమర్థనా లేదు. కాని రాజు క్రూరుడు గనుక పడిపోయినాడనడం ఒకటి, పరదేశి గనుక పడిపోయినాడనడం మరొకటి. రెండవ మాటను బ్రిటిషువారు తమ ప్రకటనలలో పదే పదే వాడినారు. వారి ప్రతినిధి జాన్ డాయ్లీ ఏండ్ల తరబడి రాజునకు, ప్రధానులకు నడుమ చిచ్చు పెట్టినాడు. 1815 మార్చి 2వ తేదీన జరిగిన ఒడంబడికలో మలబారు జాతివారికి సింహాసనం మీద హక్కు లేదని వ్రాయించారు. అంత చేసి మూడేండ్లు తిరుగకముందే, 1817-18 నాటి ఊవా తిరుగుబాటులో, జనం ఎవరిని రాజుగా నిలబెట్టినారో తెలియునా? తాను నాయక్కర్ వంశపు దొరైస్వామినని చెప్పుకున్న ఒక వ్యక్తిని! ఎహెలెపొలను సైతం బ్రిటిషువారు బంధించి మారిషస్‌కు పంపివేశారు. అతడు 1829లో అక్కడనే మరణించినాడు. ఈ సంగతి చెప్పగా గైడు కొంతసేపు మౌనంగా ఉండి, "అది మా బడిపుస్తకంలో లేదు సార్" అన్నాడు. అతనిని తప్పు పట్టలేను. మన బడిపుస్తకాలలోను ఈ నలుగురు రాజుల ప్రసక్తి నాకు తగులలేదు.

క్యాండీ బజారులో మసీదులు కనబడతవి. 1626లో పోర్చుగీసువారు తీరప్రాంతపు ముస్లిం వర్తకులను వెళ్లగొట్టగా, క్యాండీ రాజు సెనరత్ వారికి తన రాజ్యంలోను, తూర్పు తీరాన మడకలపు ప్రాంతంలోను ఆశ్రయమిచ్చినాడు. ఆ ఆశ్రయం తరతరాలు నిలిచింది. 1915లో ఊరేగింపు విషయమై ఇదే నగరంలో కలహం చెలరేగి ద్వీపంలో అనేక చోట్లకు ప్రాకింది. 2018 మార్చిలో సమీపంలోని దిగనలో ముస్లింల ఇండ్లు, దుకాణాలు తగులబడినవి. రెండూ గైడు ప్రసంగంలో రాలేదు, నేనూ అడుగలేదు.

మధ్యాహ్న భోజనానంతరం నువర ఎలియకు సుమారు ఎనభై కిలోమీటర్లు కొండ ఎక్కవలెను. దారిలో క్రింద కొత్మలె జలాశయం కనబడుతుంది. 1985లో పూర్తయిన ఆ ఆనకట్ట క్రింద ఊళ్లు, విహారాలు మునిగినవి. నీరు తగ్గిన ఏట కదదొర ఆలయపు శిథిలాలు పైకి తేలుతవి. రంబొడ జలపాతం దాటిన పిమ్మట కనుచూపు మేరా తేయాకే. ఈ కొండలపై మొదట ఉన్నది కాఫీ. 1869లో ఆకుతుప్పు తెగులు సోకి కొన్ని ఏండ్లలో తోటలన్నీ నాశనమైనవి. అంతకు రెండేండ్ల ముందే, 1867లో, జేమ్స్ టేలర్ అనే స్కాట్లండువాడు లూలెకొందెర తోటలో 19 ఎకరాలలో తేయాకు నాటి ఉండడం ద్వీపాన్ని ఆదుకున్నది.

నాటినవాని పేరు ప్రతి తేయాకు కార్ఖానాలోను గోడపై ఉన్నది. కోసేవారిని గూర్చి ఫలకం లేదు. తమిళదేశం నుండి కూలికి వచ్చిన కుటుంబాల సంతతివారు వీరు. బారులుగా కట్టిన ఒంటిగది ఇండ్లలో, లయములని పిలిచే వాటిలో, నేటికీ చాలమంది నివసిస్తున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే, 1948లో, పౌరసత్వ చట్టం చేసి వీరిలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మార్చారు. 1964లో శాస్త్రి, సిరిమావో బండారనాయకెల ఒప్పందం ప్రకారం 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని శ్రీలంక స్వీకరించవలెనని నిర్ణయమైంది. మిగిలిన లక్షా యాభైవేల మందిని 1974లో చెరిసగం పంచుకున్నారు. ఏ ఊరు తమదని ఆ మనుషులను ఎవరూ అడుగలేదు. మిగిలిపోయినవారికి 2003లో చేసిన చట్టం వలన పౌరసత్వం లభించింది. బండి ఆగిన చోట ఒక తల్లి ఆకుబుట్ట దించి గైడుతో తమిళంలో మాట్లాడింది. ఏమన్నదని అడుగగా, "వానకు ఇంటి రేకులు కారుతున్నవట" అని చెప్పి అతడు బండి ఎక్కినాడు.

నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున ఉన్నది. తరువాతి కాలంలో నైలు నది జన్మస్థానాలు వెదకిన శామ్యూల్ బేకర్ 1840 దశకంలో ఇక్కడ ఇంగ్లీషు పల్లె ఒకటి నిర్మింపబూనినాడు. ఎర్ర ఇటుకల తపాలా కార్యాలయం, గుర్రపు పందెముల మైదానం, గులాబీ తోటలు. చూడముచ్చటగానే ఉన్నవి, కాని మాకు గంట సేపటికే పొగమంచు క్రమ్మినది. సమీపంలోని సీతా ఎలియ ఆలయానికి భారత యాత్రికులు బారులు తీరుతున్నారు.

తిరుగు ప్రయాణం రాత్రి చీకటిలో, మలుపులలో, అయిదు గంటలకు పైగా పడుతుంది. కనుక సాధ్యమైతే రెండు రోజులు కేటాయించుకొనవలెనని నా సలహా. ఒక్క రోజే ఉన్నచో ఉద్యానవనమో నువర ఎలియో వదలివేసి గడలాదెనియ, క్యాండీలను నిదానంగా చూడడం మేలు. కొలంబోలో పూట మిగిలితే జాతీయ ప్రదర్శనశాలకు పోవచ్చు. బ్రిటిషువారు తీసుకొనిపోయి 1934లో తిరిగి ఇచ్చిన క్యాండీ సింహాసనం అక్కడ ఉన్నది.

ఆ సింహాసనం మీద కడపట కూర్చున్న రాజును చూడడానికి మాత్రం సముద్రం దాటనక్కరలేదు. బ్రిటిషువారు ఆయనను కుటుంబంతో సహా వేలూరు కోటకు పంపించారు. 1832 జనవరి 30న ఆయన అక్కడ కన్నుమూసినాడు. పాలారు ఒడ్డున ముత్తు మండపంలో ఆయన సమాధి ఉన్నది. చిత్తూరు నుండి బస్సులో గంటా గంటన్నర ప్రయాణం.