ఊపిరిగొట్టంలో శెనక్కాయ గింజ

ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో శెనక్కాయలు, బుడ్డశనగలు లేని ఇల్లు అరుదు. కాయలు ఒలిచే చోటే పసిపిల్లలు ఆడుకుంటారు. నోట్లో గింజతో నవ్వినా, ఏడ్చినా అది అన్నం దారి తప్పి ఊపిరి దారిన పడుతుంది. ఒక్కసారిగా దగ్గు తెర వచ్చి, కాసేపటికి తగ్గుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని పెద్దలు నెత్తిన తట్టి ఊరుకుంటారు. చిక్కంతా అక్కడే. కొన్నాళ్లకు పిల్లికూతలు, జ్వరం మొదలైతే ఉబ్బసమని మందులు వాడతారు. నాణెం, మేకు అయితే ఎక్స్‌రేలో కనిపిస్తాయి, గింజ కనిపించదు. దగ్గు ఎలా మొదలైందో తల్లి చెబితేనే డాక్టరుకు అనుమానం తగులుతుంది.

గింజ తీయాలంటే మత్తిచ్చి, బ్రాంకోస్కోపు అనే బోలు గొట్టాన్ని నోటి గుండా ఊపిరిగొట్టంలోకి దించాలి. 1897లో జర్మనీ వైద్యుడు గుస్తావ్ కిలియన్ ఇలాగే ఒక రైతు శ్వాసనాళం నుంచి ఎముక ముక్క తీశారు.

కడుపు ఆపరేషన్లో గాలి దారి మత్తు డాక్టరుదే. ఇక్కడ గింజ తీసే డాక్టరుకూ, ప్రాణవాయువు పంపే డాక్టరుకూ ఒకటే బాట. ఇరుకు సందులో రెండు బండ్లు ఎదురైనట్టే. అందుకే బ్రాంకోస్కోపుకు పక్కన మరో కొమ్మ ఉంటుంది, గాలి అందులోంచి పంపుతారు. అంతకు ముందే ముసుగు పెట్టి కొద్ది నిమిషాలు ఆక్సిజన్ పట్టిస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఆ నిల్వ కొన్ని నిమిషాలు ఆగుతుంది. పసివారికి తిత్తి చిన్నది, ఖర్చు ఎక్కువ, త్వరగా అయిపోతుంది. వేలికి తగిలించిన ఆక్సీమీటరు అంకె పడిపోతే పని ఆపి, గాలి నింపి, మళ్ళీ మొదలెడతారు. 2020 కరోనా కాలం నుంచి ఆ పరికరం పల్లెలకూ తెలిసిందే.

అది లేని రోజుల్లో గోళ్ళ రంగు, ఊపిరి చూడడమే దిక్కు. నిజాం ఇచ్చిన డబ్బుతో 1889లో హైదరాబాదులో పరిశోధించిన క్లోరోఫాం కమిషన్, మత్తిచ్చేవారు నాడి కంటే ఊపిరినే గమనించాలని చెప్పింది. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదన్న దాని మాట తర్వాత తప్పని తేలింది. ఊపిరి మీద కన్నుంచాలన్నది నిలిచింది.

పెద్దాసుపత్రికి పోయే దారిలో బిడ్డకు పాలు, అరటిపండు పెట్టరాదు. మత్తులో అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బిడ్డ దగ్గగలిగితే దగ్గనివ్వాలి. గొంతులో వేలుపెట్టి వెతికితే గింజ ఇంకా లోపలికి దిగుతుంది. మాట పెగలక, పెదవులు నల్లబడితే 108కి కబురు చేస్తూనే, బోర్లా వంచి వీపున రెక్కల నడుమ అయిదు దెబ్బలు గట్టిగా చరచాలి. నాలుగైదేళ్ళు నిండేదాకా గింజలు పొడి చేసి పెట్టడమే మేలని వైద్యులు చెబుతున్నారు.