నిద్రపోని కంప్యూటరు

పిల్లలూ! మీ బడిలోనో, మీ నాన్నగారి ఆఫీసులోనో కంప్యూటరును మీరు చూచే ఉంటారు. పని కాగానే దానిని ఆపివేస్తారు. రాత్రంతా అది హాయిగా నిద్రపోతుంది. కాని ఏళ్ళ తరబడి రెప్ప వాల్చకుండా మేలుకొని ఉండే కంప్యూటర్లు కూడా ఉన్నాయి. అటువంటి దానికి జబ్బు చేస్తే ఎలాగ? పరుగెత్తే బండికి చక్రం మార్చగలమా? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

మంచిర్యాల జిల్లాలో జైపూర్ అనే ఊరున్నది. 2016 దాకా అది ఆదిలాబాద్ జిల్లాలోదే. ఆ ఏడే అక్కడ సింగరేణి బొగ్గు సంస్థవారి విద్యుత్ కేంద్రం జాతికి అంకితమయింది. అందులో రెండు యూనిట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 600 మెగావాట్లది. అంటే ఎంత? ఒక సీలింగు ఫ్యానుకు 75 వాట్లు కావాలనుకోండి. 60 కోట్ల వాట్లను 75తో భాగించండి. ఒక్క యూనిట్ కరెంటుతో 80 లక్షల ఫ్యానులు తిరుగుతాయన్నమాట! గోదావరికి అవతల రామగుండంలో ఇంకా పెద్ద కేంద్రం ఉన్నది. అక్కడ మొదటి యూనిట్ 1983లో మొదలయింది. అక్కడే కొత్తగా కట్టిన 800 మెగావాట్ల యూనిట్లలో రెండవదానిని 2024 మార్చి 4న ఆదిలాబాద్ సభనుంచే జాతికి అంకితం చేశారు.

ఇటువంటి కేంద్రాలలో బొగ్గు మండి నీటిని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి టర్బైనును నిమిషానికి 3000 సార్లు తిప్పుతుంది. ఎక్కడ ఎంత వేడి ఉన్నది, ఎంత ఒత్తిడి ఉన్నది, నీటి మట్టం ఎంత అని వేలకొద్దీ కొలతలు క్షణక్షణమూ చూస్తూ ఉండాలి. వాల్వులను తిప్పే నియంత్రణ పరికరాలు వేరుగా ఉంటాయి. కాని ఆ కొలతలన్నీ పోగుచేసి, తెరమీద చూపించి, రాసి దాచిపెట్టేది కంప్యూటరు. అది ఆగిపోతే అక్కడి ఉద్యోగులు కళ్ళకు గంతలు కట్టుకొని బండి తోలినట్టే!

ఈ కంప్యూటరు బల్లమీద ఉండదు. రాక్ అనే ఇనుప అలమారలో, సొరుగులాగా బిగించి ఉంటుంది. దాని ముందుపలక వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును మెట్లతో లెక్కిస్తారు. ఒక మెట్టు 1.75 అంగుళాలు. ఈ కొలత పాత టెలిఫోను కేంద్రాల చట్రాలనుంచి వచ్చింది. ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా కొలత ఇదే కాబట్టి ఒకరి కంప్యూటరు మరొకరి అలమారలో చక్కగా కూర్చుంటుంది.

మన ప్రాంతంలో వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులు మీకు తెలిసినవే. పైగా బొగ్గు ధూళి. అందుకే ఈ కంప్యూటరుకు దళసరి ఉక్కు పెట్టె, పెద్ద ఫ్యానులు, ఫ్యానుల ముందు ధూళిని పట్టే జల్లెడ వంటి స్పాంజి ఉంటాయి. ఎవరి చెయ్యీ పొరపాటున తగలకుండా స్విచ్చికి తాళంవేసే తలుపు కూడా ఉంటుంది.

ఇక సేవ చేసే పద్ధతి చూడండి. ముఖ్యమైన చోట ఒకే కంప్యూటరును నమ్ముకోరు. జంటగా రెండు పెడతారు. ఒకటి పని చేస్తూ ఉంటే రెండవది దానిని గమనిస్తూ సిద్ధంగా ఉంటుంది. మొదట పైవారి రాతపూర్వక అనుమతి తీసుకుంటారు. తరువాత జంటలో రెండవది ఆరోగ్యంగా ఉన్నదా అని పరీక్షించి, పని దానికి అప్పగిస్తారు. ఆ పిమ్మటే మొదటిదాన్ని ఆపుతారు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉన్నది. ముందునుంచి చూస్తే ఎడమవైపు ఉన్న తీగ వెనుకకు వెళ్ళి చూస్తే కుడివైపు ఉంటుంది! ఒకే పోలిక గల రెండు కంప్యూటర్లలో, తెలియక పనిచేస్తున్నదాని తీగ లాగితే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. అందువల్ల ముందూ వెనుకా పేరు చీటీలు అంటిస్తారు. ఒకరు పేరు పైకి చదువుతారు; రెండవవారు సరిచూచి చెయ్యి వేస్తారు.

పెట్టె తెరిచే ముందు మణికట్టుకు ఒక పట్టీ కట్టుకొని, దాని తీగను భూమికి కలుపుతారు. ఎందుకో తెలుసా? చలికాలంలో పొడి జుట్టు దువ్వి, దువ్వెనను కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి కదా? ఆ స్థిర విద్యుత్తే మన ఒంటిమీద కూడా చేరుతుంది. అది సుమారు మూడువేల వోల్టులు ఉంటేనే గాని మన వేలికి చురుక్కుమనదు. కాని అంతకన్న ఎంతో తక్కువ వోల్టులకే చిప్పులు పాడైపోతాయి. పట్టీ ఆ విద్యుత్తును మెల్లగా భూమిలోకి పంపివేస్తుంది.

తరువాత స్పాంజి కడిగి, పూర్తిగా ఆరిన తరువాత పెడతారు. లోపలి ధూళిని గాలితో ఊదుతారు. అప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకుంటారు. లేకుంటే బేరింగులు చెడతాయి.

ఇప్పుడు ఒక చిన్న వస్తువు సంగతి. కంప్యూటరులో రూపాయి బిళ్ళ వంటి మూడు వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పాత యంత్రాలలో ఏ డిస్కునుంచి పని మొదలుపెట్టాలి వంటి అమరికలను గుర్తుంచుకునేదీ అదే. కంప్యూటరు ఏళ్ళ తరబడి నడుస్తూ ఉంటే ఆ బ్యాటరీ నీరసించినా ఎవరికీ తెలియదు. ఆపిన నాడు తెలుస్తుంది: తేదీ మరచిపోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక నిలబడిపోతుంది! అందుకే తెలివైన పనివాడు ఆపక ముందే అమరికలన్నీ కాగితంమీద రాసుకుంటాడు.

గడియారం తప్పితే ఏం పోయింది అంటారా? టర్బైను హఠాత్తుగా ఆగిందనుకోండి. పంపు ముందు ఆగిందా, ఒత్తిడి ముందు పడిపోయిందా? సెకనులో వెయ్యోవంతు తేడాతో రాసిన వేళలను బట్టే అసలు కారణం పట్టుకుంటారు. రెండు కంప్యూటర్ల గడియారాలు వేరు వేరు వేళలు చెబితే తప్పు ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? కాబట్టి అన్నిటినీ ఉపగ్రహం నుంచి వేళ తెలుసుకునే ఒకే గడియారానికి కలుపుతారు.

అమరికలలో మరికొన్ని ఉన్నాయి. కరెంటు పోయి తిరిగి రాగానే కంప్యూటరు తనంతట తానే లేచేటట్టు చేస్తారు. 'కాపలా గడియారం' కూడా అమరుస్తారు. ప్రోగ్రాము కొన్ని సెకన్లకొకసారి 'హాజరు' పలకాలి. పలకకపోతే, అది చిక్కుబడి పోయిందని తలచి కాపలా గడియారం కంప్యూటరును తిరిగి మొదలుపెడుతుంది.

రెండు డిస్కుల మీద ఒకే సమాచారం ఒకేసారి రాస్తారు. ఒకటి చెడితే రెండవది ఉంటుంది. అది చాలునా? చాలదు! ఇద్దరు పిల్లలకు తప్పు లెక్క చెప్పి రాయిస్తే ఇద్దరి పుస్తకాల్లోనూ తప్పే ఉంటుంది కదా? అందుకని మంచి ప్రతి ఒకటి తీసి వేరేచోట భద్రపరుస్తారు.

చివరకు పరీక్ష. కంప్యూటరు లేచిన తరువాత పనిని దానికి అప్పగించి చూస్తారు. అన్నీ సరిగా ఉంటే ఏం చేశారో, ఎప్పుడు చేశారో పుస్తకంలో రాసి సంతకం పెడతారు. మరో అయిదేళ్ళకు వచ్చే పనివాడికి ఆ నాలుగు పంక్తులే దారి చూపుతాయి. మీ పుస్తకంలో లెక్కకు జవాబు ఒక్కటే కాక, చేసిన విధానం కూడా రాయమని మాస్టర్లు పోరేది ఇందుకే!

తల్లిదండ్రులకు ఒక మాట: ఇంట్లోని విద్యుత్ పరికరాల పెట్టెలను పిల్లలచేత తెరిపించవద్దు. దువ్వెన, కాగితపు ముక్కల ప్రయోగం మాత్రం తప్పక చేయించండి.

పిల్లలూ! ఇక మీకొక లెక్క. 42 మెట్ల అలమారలో 4 మెట్ల కంప్యూటర్లు ఎన్ని పడతాయి? ఎన్ని మెట్లు మిగులుతాయి? ఆ 42 మెట్ల ఎత్తు ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు? చేసిన విధానం కూడా రాయడం మరచిపోకండి!