ఆశ్రయము కొరకు కనిపెట్టుచున్న వారికి

(రేడియో వర్తమానమునకు అక్షరరూపము)

మీ ఉత్తరములలో నుండి ఈ దినమున ఒక్కదానిని మాత్రమే తీసికొందము. పశ్చిమ ఢిల్లీలో కాపురముంటున్న ఒక తెలుగు సహోదరి వ్రాసినది. వారి వీధిలో బర్మా దేశమునుండి వచ్చిన చిన్ జాతి కుటుంబమొకటి ఉన్నదట. భార్య, భర్త, ఇద్దరు పిల్లలు. శరణార్థులుగా గుర్తించమని ఐక్యరాజ్య సమితి వారి కార్యాలయములో పేర్లు నమోదు చేయించుకొని, ఇంటర్వ్యూకు పిలుపు ఎప్పుడు వచ్చునా అని మూడేండ్లుగా చూచుచున్నారు. మొదట ప్రతి శుక్రవారము ఈ సహోదరి యింటి ప్రార్థనకు వచ్చెడివారు. ఇప్పుడు ఆయన రావటం మానివేశాడు. ఎందుకని అడిగితే, "దీదీ, ఆఫీసులో నా ఫైలు ఎక్కడో అడుగున పడిపోయింది. పైన దేవుని దగ్గర కూడా అలాగే పడిపోయినట్టుంది" అన్నాడట. "అయ్యగారూ, ఈ మాటకు నేనేమి జవాబు చెప్పాలి?" అని ఆ సహోదరి అడుగుచున్నది.

జవాబు చెప్పక ముందు ఆ మనుష్యుని స్థితిని మనము కొంచెము తెలిసికొనవలెను. తెలియకుండా ఓదార్చబోయిన యోబు స్నేహితుల సంగతి మీకు తెలిసినదే.

చిన్ ప్రజలు మన మిజోరామునకు ఆనుకొనియున్న కొండలవారు. 1899లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన ఆర్థర్ కార్సన్ దంపతులు హఖా అను ఊరికి వచ్చినది మొదలుకొని సువార్త అక్కడ వేరు పారినది. నేడు ఆ జాతిలో అత్యధికులు క్రైస్తవులే. 1988లో బర్మాలో సైన్యము ప్రజలను అణచివేసినప్పుడు కొందరు సరిహద్దు దాటి వచ్చిరి. 2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల అధికారమును చేజిక్కించుకొన్న తరువాత ఇంకా అనేకులు వచ్చిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో థంట్లాంగ్ పట్టణములో ఇండ్లు తగలబడుచుండగా, మంటలు ఆర్పుటకు వెళ్ళిన ఒక బాప్టిస్టు పాస్టరును కాల్చి చంపిరి. 30,000కు పైగా జనము మిజోరాములో తలదాచుకొన్నారు. కొందరు రైలెక్కి ఢిల్లీకి చేరి వికాస్‌పురి, జనక్‌పురి, ఉత్తమ్ నగర్ వీధులలో ఇరుకు గదులు అద్దెకు తీసికొని బ్రతుకుచున్నారు.

ఢిల్లీకే ఎందుకు రావలెను? 1951 నాటి శరణార్థుల ఒడంబడికమీద గాని, 1967 నాటి దాని అనుబంధముమీద గాని మన దేశము సంతకము చేయలేదు. ఆశ్రయము గూర్చి మనకు ప్రత్యేకమైన చట్టము లేదు. టిబెట్ వారిని, శ్రీలంక తమిళులను ప్రభుత్వమే చూచుకొనుచున్నది. బర్మా, ఆఫ్ఘనిస్తాన్ మొదలగు దేశములనుండి వచ్చిన వారి మనవులను ఢిల్లీలోని యు.ఎన్.హెచ్.సి.ఆర్. అను ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ వినుచున్నది. మొదట పేరు నమోదు చేసి, మనవి పరిశీలనలో ఉన్నదని తెలుపు ఒక కాగితము ఇత్తురు. తరువాత ఇంటర్వ్యూ. జాతి, మతము, దేశీయత, ఒకానొక సామాజిక వర్గము, రాజకీయ అభిప్రాయము, ఈ ఐదింటిలో ఏదో ఒక కారణముచేత స్వదేశములో హింస కలుగునను సరియైన భయము ఇతనికి ఉన్నదా అని అక్కడ పరీక్షింతురు. ఉన్నదని తేలితే శరణార్థి కార్డు.

మరి ఇంత ఆలస్యమెందుకు? అధికారులు కొద్దిమంది, మనవులు అనేకము. ఒక్కొక్క ఇంటర్వ్యూకు గంటల కాలము పట్టును, దుభాషి కావలెను, తరువాత వ్రాతపని, దానిని మరియొక అధికారి సరిచూచుట. 2025లో ఆ సంస్థకు ధనసహాయము బాగా తగ్గి, లోకమంతట సుమారు 3,500 ఉద్యోగములు తీసివేయుచున్నట్లు ప్రకటించవలసి వచ్చెను. అదియు గాక ఇది రేషను షాపు వరుసవంటిది కాదు. ఒంటరి పిల్లలను, హింసలు పడినవారిని, తీవ్ర వ్యాధిగ్రస్థులను ముందు పిలుతురు. అమెరికాలోనైతే ఇంకొక విచిత్రము జరిగినది. 2018 జనవరిలో వారు పద్ధతి మార్చి, క్రొత్తగా వచ్చిన దరఖాస్తులను ముందు, పాతవాటిని వెనుక పిలువసాగిరి. పని అనుమతి కొరకే దరఖాస్తు పెట్టువారిని తగ్గించుటకు ఆ ఏర్పాటు. కాని అప్పటికే ఏండ్లతరబడి కూర్చున్నవారు ఇంకా అడుగుకు పోయిరి. 2024లో కొందరు అధికారులను పాత ఫైళ్ళకు ప్రత్యేకముగా నియమించిరి గాని, అప్పటికి అక్కడ పెండింగులో ఉన్నవి 10 లక్షలు దాటినవి.

ఇదంతా ఎందుకు చెప్పుచున్నాను? నా వెనుక వచ్చినవానికి పిలుపు వచ్చినది, నాకు రాలేదు, నాలో ఏ పాపమున్నదో అని కుమిలిపోవువారు అనేకులు. పరిశుద్ధుల మధ్యనే కొందరు ఆ మాట వారి ముఖముమీద అనుచున్నారు కూడ. కార్యాలయపు పద్ధతిని దేవుని ఉగ్రతగా చదువకూడదు, సహోదరులారా.

ఇప్పుడు వాక్యములోనికి వెళ్ళుదము. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయము. పౌలు కైసరయలో అధిపతియైన ఫేలిక్సు ఎదుట నిలిచి తన సంగతి చెప్పుకొనెను. ఫేలిక్సు ఏమి చేసెను? సహస్రాధిపతియైన లూసియ వచ్చినప్పుడు తేల్చెదనని వాయిదా వేసెను. లూసియ వచ్చెనో లేదో లూకా వ్రాయలేదు. వాయిదా మాత్రము రెండు సంవత్సరములు సాగెను. అపొస్తలుడు పౌలు, నాలుగు దిక్కులకు సువార్త మోసికొనిపోయిన మనుష్యుడు, రెండేండ్లు ఒక్క చోట కూర్చుండెను. ఆ రెండేండ్లకు లూకా కేటాయించినది ఒకటి రెండు వచనములు. చదువు మనకు ఒక్క నిమిషము. పౌలుకు ఏడు వందల ఉదయములు.

ఆ వృత్తాంతములో మూడు సంగతులున్నవి. ఒకటి, ఫేలిక్సు పౌలును మాటిమాటికి పిలిపించి మాటలాడినది లంచము వచ్చుననియే. పౌలు తన జనులకు దానధర్మములు తెచ్చితినని అంతకుముందే చెప్పియుండెను గనుక, వీనికి డబ్బు దొరకు దారి ఉన్నదని అధిపతి గ్రహించెను. పౌలు ఇయ్యలేదు. నేడు కూడ కార్యాలయముల చుట్టు తిరుగు దళారులున్నారు. ఇంత ఇస్తే తేదీ ముందుకు జరుపుదుము, ఇంత ఇస్తే గట్టి కథ వ్రాసి ఇత్తుమందురు. యు.ఎన్.హెచ్.సి.ఆర్. ఏ సేవకును డబ్బు తీసికొనదు. అడిగినవాడు మోసగాడు. కొన్న కథ రెండవ ప్రశ్నకే విరిగిపోవును, దానితోపాటు మీ నిజమైన కథను కూడ ముంచును.

రెండవది, ఫేలిక్సు తరువాత ఫేస్తు వచ్చి పౌలును యెరూషలేమునకు వెళ్ళెదవా అని అడిగినప్పుడు, పౌలు చట్టము తనకిచ్చిన హక్కును వాడుకొని కైసరుకు చెప్పుకొందుననెను. కనిపెట్టుట అనగా చేతులు ముడుచుకొనుట కాదు. చిరునామా గాని ఫోను నెంబరు గాని మారితే వెంటనే కార్యాలయములో తెలియజేయండి. పాత నెంబరుకు పిలుపు వచ్చి, మనిషి దొరకక తేదీ పోయిన కష్టము చిన్నది కాదు. కాగితము గడువు ముగియక ముందే పునరుద్ధరించుకొనండి. బిడ్డ పుట్టితే, వ్యాధి బయటపడితే తెలియజేయండి. అసలు కాగితములు ఒక ప్లాస్టిక్ కవరులో, జెరాక్సులు విశ్వాసుల యింట మరియొక చోట ఉంచండి. మనవిని నిరాకరించినా అప్పీలుకు అవకాశమున్నది. గడువు ఆ కాగితముమీదనే ఉండును.

ఇక్కడ జ్ఞాపకశక్తి గూర్చి ఒక మాట. మూడేండ్లు కనిపెట్టిన తరువాత మనుష్యుడు తారీఖులు మరచును. భయపడిన రోజులనైతే మనస్సే మరచిపోవ చూచును. అందుచేత ఇప్పుడే ఒక నోటుబుక్కులో వ్రాసికొనండి. తారీఖు తెలియకపోతే, కోతలకు ముందా తరువాతా, క్రిస్మసుకు ఎన్ని వారముల ముందు, పెద్దపిల్ల ఏ తరగతిలో ఉన్నప్పుడు, ఈ విధముగా గుర్తు పెట్టండి. కాని దానిని బట్టీ పట్టవద్దు. పౌలు తన మారుమనస్సు సాక్ష్యమును 22వ అధ్యాయములోను 26వ అధ్యాయములోను తానే చెప్పుచున్నాడు. మొదటిదానిలో అననీయ ఉన్నాడు, రెండవదానిలో అననీయ పేరే లేదు. నిజము చెప్పువాడు రెండుమార్లు ఒక్కలాగున చెప్పడు, చిలుక చెప్పును. గుర్తు లేనిది గుర్తు లేదని చెప్పుటలో తప్పు లేదు. ఊహించి చెప్పుటలోనే చిక్కు. హఖా, ఫలాం, తెదిమ్ అని చిన్ వారిలో అనేక భాషలున్నవి. దుభాషి మాట అర్థము కాకపోతే మొగమాటపడక అప్పుడే చెప్పవలెను. ఇంటర్వ్యూలో చెప్పినది రహస్యముగా ఉంచుదురు. స్త్రీలు స్త్రీ అధికారిని, స్త్రీ దుభాషిని అడుగవచ్చును. భర్త ఎదుట ఎన్నడు నోరు విప్పని సంగతి భార్యకు ఉండవచ్చును. అదే ఆమె మనవికి ప్రాణమై ఉండవచ్చును.

మూడవది నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి. పౌలును కావలిలో ఉంచుమని చెప్పిన ఫేలిక్సే, అతనికి కొంత వెసులుబాటు ఇచ్చి, అతని స్నేహితులు ఉపచారము చేయుటకు వచ్చినప్పుడు అడ్డగింపవద్దని ఆజ్ఞాపించెను. తీర్పు చేతిలో లేనివారికి కూడ చేయదగిన పని ఒకటి ఉన్నదన్నమాట. కైసరయలో సువార్తికుడైన ఫిలిప్పు ఇల్లు ఉన్నది, నలుగురు కుమార్తెలున్నారు. ఆ యింటినుండి ఎన్ని గిన్నెలు ఆ చెరసాలకు వెళ్ళియుండునో వ్రాయబడలేదు గాని, వెళ్ళలేదని నేననుకొనను.

యెహోషువ 20వ అధ్యాయమును కూడ చూడండి. ఆశ్రయపురమునకు పారిపోయి వచ్చినవాడు గవినియొద్ద నిలిచి పెద్దలకు తన సంగతి చెప్పుకొనవలెను. అదే మొదటి ఇంటర్వ్యూ. సమాజము ఎదుట పూర్తి విచారణ ఇంకా జరుగలేదు. అయినను పెద్దలు అతనిని లోనికి తీసికొని, తమ మధ్య ఉండుటకు చోటు ఇయ్యవలెను. తీర్పు తరువాత చోటు కాదు, చోటు తరువాత తీర్పు. అది ఇశ్రాయేలీయులకే కాదు, వారి మధ్యనున్న పరదేశికి కూడ అని అదే అధ్యాయము చివర ఉన్నది. మన హైదరాబాదు బాలాపూర్ దగ్గర బస్తీలలో ఉన్న రోహింగ్యాలు మన మతమువారు కారు. వారికి కూడ ఈ అధ్యాయము వర్తించునా అని నన్నడిగితే, వర్తించునందును.

కాబట్టి ఢిల్లీ సహోదరీ, ముందుగా చెప్పకూడనివి చెప్పెదను. "విశ్వాసముంటే ఈపాటికి వచ్చియుండును" అనవద్దు. "ఇంటర్వ్యూ ఎప్పుడు?" అని కలిసినప్పుడెల్లా అడుగవద్దు. అతని కథ చెప్పుమని ప్రార్థన కూటములో నిలువబెట్టవద్దు. అతడు దేవునిమీద పలికిన మాటకు అదరిపోవద్దు. 13వ కీర్తనలో దావీదు తనను మరచితివా, ఎంతకాలమని దేవునినే నిలదీసి అడుగుచున్నాడు. ఆ సంగతిని పరిశుద్ధ గ్రంథములోనుండి ఎవరును తీసివేయలేదు. ఆయనకు ఆ కీర్తన హిందీలో గాని ఆయన భాషలో గాని చదివి వినిపించి ఊరకుండుము.

ఇక చేయదగినవి. కనిపెట్టువాని దినమునకు ఎముకలు ఉండవు. ఉదయము లేచుటకు కారణము దొరకదు, రాత్రి నిద్ర పట్టదు, మధ్యలో ఫోను చూచుకొనుట, కోపము భార్యాపిల్లలమీద. అందుచేత వారములో ఒకటి రెండు పనులు ఆయన పేర ఉంచండి. శుక్రవారము ప్రార్థనకు రమ్మనుటకంటె, చాపలు పరచుటకు, గిటారు వాయించుటకు, చిన్నపిల్లలకు పాటలు నేర్పుటకు రమ్మనుట మేలు. చెరసాలలో యోసేపును పానదాయకుల అధిపతి మరచిన రెండేండ్లు అతనికి చేతినిండ పని ఉన్నది. పిల్లల బడి సంగతి చూడండి. ఆధార్ లేదని బడివారు త్రిప్పివేసినచో తోడుగా వెళ్ళి మాటలాడండి. హిందీ నేర్పండి. నిద్ర లేమి వారములు దాటినా, చనిపోవుట గూర్చి మాటలాడినా అది బోధతో పోవునది కాదు, ఆసుపత్రికి తోడుగా వెళ్ళండి. 14416 అను టెలిమానస్ ప్రభుత్వ నెంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

సంఘకాపరులకు ఒక మనవి. ధృవపత్రము అడిగినప్పుడు మీకు తెలిసినదే వ్రాయండి. బాప్తిస్మము పొందనివారికి పొందినట్టు వ్రాసి ఇచ్చుట కనికరము కాదు. ఆ కాగితము ఒక్కసారి అబద్ధమని తేలితే, మీ సంఘమునుండి వచ్చు తరువాతి పది నిజమైన కాగితములను ఎవరు నమ్ముదురు?

ఇంటర్వ్యూతో అంతయు తీరునని కూడ వారికి ఆశపెట్టవద్దు. కార్డు వచ్చినను వేరొక దేశమునకు వెళ్ళుట కొద్దిమందికే. 2025 జనవరిలో అమెరికా శరణార్థుల స్వీకరణను నిలిపివేసిన తరువాత ఆ ద్వారము మరింత ఇరుకైనది. పిలుపు వచ్చిన దినమున పిల్లలను మీ యింట ఉంచుకొనండి. దారిఖర్చులు అడుగకముందే చేతిలో పెట్టండి. ఉదయము ఏదైనా తినిపించి పంపండి, లోపల ఎంతసేపో తెలియదు. తిరిగి వచ్చిన రాత్రి ఏమడిగిరని ప్రశ్నించక అన్నము పెట్టండి. ఆ రాత్రి పాత సంగతులన్నియు లేచి కూర్చుండును, ఒంటరిగా విడువవద్దు.

ఇప్పుడు మనమందరము ప్రార్థనలో ఏకీభవించుదము. పిలుపు కొరకు చూచుచున్నవారిని, వారి పిల్లలను, ఆ ఫైళ్ళ ముందు కూర్చున్న అధికారులను, దుభాషులను పేరుపేరున దేవుని సన్నిధిలో జ్ఞాపకము చేసికొందము.